కాటా ఎక్కించే ముందు కటకాలు తీయనివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, కండెమ్నేషన్ కమిటీల సభ్యులకు, రెండు రాష్ట్రాల కళాశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ



మార్చి దగ్గరపడే సరికి మీ కళాశాలల్లో స్టాక్ వెరిఫికేషన్ హడావిడి మొదలవుతుంది. మూలగదుల్లో దుమ్ము పట్టిన స్పెక్ట్రోమీటర్లు, మైక్రోస్కోపులు, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు వరండాలోకి వస్తాయి. రిజిస్టరులో వాటి పేర్లకు ఎదురుగా ‘పనికిరావు’ అని రాసి మీరు సంతకాలు పెడతారు. ఇంకొన్నాళ్లకు పాత ఇనుము వ్యాపారి ట్రాలీ గేటు ముందు ఆగుతుంది. మీ సంతకానికీ ఆ ట్రాలీకీ మధ్య జరగాల్సిన పని ఒకటుంది. అది జరగడం లేదు. జరగనివ్వమని అడిగిన పిల్లల్ని మీరు వెనక్కి పంపుతున్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఇటీవల ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఇదే జరిగింది. ఇది ఆ ఒక్క కళాశాల సంగతి కాదు కాబట్టి పేరు రాయడం లేదు. అక్కడి బీఎస్సీ విద్యార్థులు కొందరు సొంతంగా టెలిస్కోపు చేసుకుందామని పూనుకున్నారు. కండెమ్ చేసిన సామానులోంచి లెన్సులు, ఐపీసులు మాత్రం తీసుకోనివ్వమని, మిగతాది ముట్టుకోమని అర్జీ పెట్టుకున్నారు. కండెమ్ అయిన సామానులో ఒక్క స్క్రూ తగ్గినా ఆడిట్‌కు జవాబు చెప్పాల్సింది మేమేనని వాళ్లకు సమాధానం వచ్చింది. వేలం అయిపోయింది. వ్యాపారి మనుషులు అక్కడే, కళాశాల ఆవరణలోనే, స్పెక్ట్రోమీటర్ గొట్టాల్లోని గాజును సుత్తితో రాలగొట్టి ఇత్తడిని మాత్రం బస్తాల కెత్తుకున్నారు. గాజుకు కాటా మీద ధర లేదు. ఇత్తడితో కలిసి తూగితే కొన్నవాడికే నష్టం. ఆయన వ్యాపారం ఆయన చేసుకున్నాడు, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ పరికరంలో అసలు విలువ ఆ గాజుదేనని తెలిసి ఉండవలసినవాళ్లు మీరు. భౌతికశాస్త్ర విభాగం ఉన్న ఒక కళాశాల ముంగిట్లో లెన్సుల్ని సుత్తితో పగలగొడుతుంటే చూస్తూ ఎలా ఊరుకోగలిగారు?

స్పెక్ట్రోమీటర్ ఎందుకు పనికిరాకుండా పోతుందో మీలో భౌతికశాస్త్రం చెప్పినవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. వెర్నియర్ గీతలు అరిగిపోతాయి. టాంజెంట్ స్క్రూ మరలు పోతాయి. పట్టకం పెట్టే బల్ల ఊగుతుంది. కోణాన్ని నిమిషాల లెక్కన కొలవాల్సిన పరికరానికి ఆ మాత్రం చాలు, ప్రయోగం చెడిపోతుంది. దాన్ని పక్కన పెట్టాలన్న మీ నిర్ణయం సబబే. కానీ కాలిమేటర్ కొసన, టెలిస్కోపు కొసన ఉన్న లెన్సులకు ఏమైంది? క్రౌన్ గాజు, ఫ్లింట్ గాజు రెండూ అతికించి, రంగుల అంచులు కనపడకుండా చేసిన జంట లెన్సులు అవి. మన ల్యాబుల్లో ఉండే రకానికి నాభ్యంతరం సుమారు 18 సెంటీమీటర్లు. ముప్ఫై ఏళ్లు బీరువాలో ఉన్నంత మాత్రాన గాజు అరగదు, తుప్పు పట్టదు. తడిగాలి ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో బూజు పట్టవచ్చు, అతికించిన జిగురు పసుపెక్కవచ్చు. బూజు పైపైన ఉంటే చాలావరకు తుడిస్తే పోతుంది. ఇది మీ కమిటీ ఎప్పుడైనా చూసిందా? రిజిస్టరులో వస్తువు పేరు ఒక్కటే ఉంది కాబట్టి దాని బాగోగులు కూడా ఒక్క మాటలో తేల్చేశారు.

పాత ఇల్లు కూలగొట్టేటప్పుడు ఏ ఇంటి యజమానీ టేకు తలుపుల్ని, ద్వారబంధాల్ని మట్టిపెళ్లలతో పాటు లారీ కెక్కించడు. ముందు వాటిని ఊడదీసి పక్కన పెట్టించి, ఆ తర్వాతే గడ్డపార వేయిస్తాడు. నేను మిమ్మల్ని అడుగుతున్నది అంతమాత్రమే.

ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ సంగతే చూడండి. ఒకప్పుడు ప్రతి కళాశాలా దాన్ని అడిగి తెప్పించుకుంది. డిజిటల్ బోర్డులు వచ్చాక అది మూలన పడింది, బల్బు దొరకడం కూడా కష్టమైంది. దాని తల విప్పితే లోపల ఒక లెన్సు ఉంటుంది, చాలా మోడళ్లలో నాభ్యంతరం 30 సెంటీమీటర్ల చుట్టుపక్కల. దానికి పైన వాలుగా ఒక అద్దం. కింద, పారదర్శక షీటు పెట్టే పలక అడుగున, పుస్తకం కన్నా పెద్ద ఫ్రెనెల్ లెన్సు. ఇప్పుడు జంతుశాస్త్ర విభాగంలో మీరు కండెమ్ చేసిన మైక్రోస్కోపు దగ్గరికి రండి. దాని 10ఎక్స్ ఐపీస్ నాభ్యంతరం 25 మిల్లీమీటర్లు. 30 సెంటీమీటర్ల లెన్సు ముందు, ఈ ఐపీస్ వెనక పెట్టి పీవీసీ గొట్టంలో అమర్చితే వస్తువు 12 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. లెన్సు అంచుల నుంచి వచ్చే రంగులు, మసక తగ్గడానికి నల్ల అట్టతో చేసిన రింగు ఒకటి ముందు బిగిస్తే చాలు. దాన్ని కదలకుండా ఒక స్టాండుకు కట్టి చూస్తే చంద్రుడి మీద గుంటలు, మిట్టలు నీడలతో సహా కనిపిస్తాయి. గురుగ్రహం పక్కన వరసలో నాలుగు చుక్కలు కనిపిస్తాయి. 1610 జనవరిలో గెలీలియో చూసినవి ఆ నాలుగే. మీ కళాశాలలో ఇంటర్ చదువుతున్న పిల్లవాడు మీరు పారేసిన రెండు వస్తువులతో వాటిని చూడగలడు. చూడనివ్వకపోవడానికి మీ దగ్గరున్న కారణం ఏమిటి?

ఆ పని చేసే పిల్లల చేతులు చూస్తే మీ నిర్ణయం మారుతుందని నా నమ్మకం. లెన్సును గొట్టంలో బిగించి ఉంచే రింగుకు ఎదురెదురుగా రెండు చిన్న గాట్లుంటాయి. దాన్ని తిప్పే పనిముట్టు మన ఊళ్లలో దొరకదు. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే జారి లెన్సు మీద గీత పడుతుంది. అందుకని జామెట్రీ బాక్సులోని డివైడర్ తీసి, దాని రెండు మొనల్ని ఆ రెండు గాట్లలో ఆనించి, మరకు ఒక చుక్క నూనె వేసి, కాసేపు నాననిచ్చి నెమ్మదిగా తిప్పుతారు. ఏళ్ల తరబడి కదలని రింగు కిర్రుమని ఒక్క పిసరు కదలగానే అందరి ముఖాలూ దగ్గరికి వస్తాయి. లెన్సు బయటికి రాగానే తుడవరు. ముందు దాని అంచు మీద పెన్సిలుతో ‘వి’ ఆకారంలో గుర్తు పెడతారు, మొన ఏ వైపు ఉంటే ఆ ముఖం ఆకాశం వైపు ఉండాలని. ఎందుకంటే జంట లెన్సును తిరగేసి పెడితే బొమ్మ చెడుతుంది. ఆ తర్వాత దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని, వెనక గోడ మీద కిటికీ అవతల దూరంగా ఉన్న చెట్ల బొమ్మ తలకిందులుగా స్పష్టంగా పడేదాకా ముందుకూ వెనక్కూ జరిపి, స్కేలుతో కొలుస్తారు. నాభ్యంతరం అంటే ఏమిటో ఆ గోడ మీద తెలిసినంత సూటిగా బ్లాక్‌బోర్డు మీద తెలియదు. భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి, అనుభవం మీద చెబుతున్నాను.

పాత ఫొటోకాపీ యంత్రంలో పొడుగాటి అద్దాలుంటాయి. మన ఇళ్లలో అద్దానికి పూత వెనక ఉంటుంది, వీటికి ముందు ఉంటుంది. పెన్సిలు మొన ఆనిస్తే ప్రతిబింబం మొన దాన్ని నేరుగా తాకుతుంది, మధ్యలో ఖాళీ కనపడదు. చిన్న టెలిస్కోపులో కాంతిని పక్కకు మళ్లించే అద్దంగా అలాంటి ముక్క పనికొస్తుంది. గుడ్డపెట్టి గట్టిగా రుద్దితే ఆ పూత పోతుందని, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరనివ్వాలని పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు. ఎన్‌సీసీ గదిలో మూలపడ్డ బైనాక్యులర్, ఒక కన్ను పగిలినా రెండో కన్నులో పట్టకాలు, ఐపీస్ నిక్షేపంగా ఉంటాయి. వీటిల్లో ప్రతిదాన్నీ బజారులో కొత్తగా కొనాలంటే ఒక కూలిమనిషి ఇంట్లో పిల్లవాడికి సాధ్యమా? మీ దగ్గర చదివేది ఎక్కువమంది అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే కదా.

ఇప్పుడు మీ అభ్యంతరాల దగ్గరికి వస్తాను. ఆడిట్ భయం ఉత్తుత్తిదని నేననను. సామాను నిర్లక్ష్యం వల్ల పాడైతే బాధ్యులెవరో తేల్చాలని నియమాలు చెబుతున్నాయి, ప్రిన్సిపాళ్ల పెన్షన్లు ఆగిన సందర్భాలు మీ అందరికీ తెలుసు. కానీ నియమం ఏం చెబుతుందో పూర్తిగా చదవండి. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నియమాల్లో 217, 218 నియమాలు ఇలాంటి సామాను గురించే. మిగిలిన విలువ 2 లక్షల రూపాయల లోపు ఉన్న వస్తువుల్ని ఏ పద్ధతిలో వదిలించుకోవాలో సంబంధిత అధికారే నిర్ణయించవచ్చని అక్కడ స్పష్టంగా ఉంది. అవి కేంద్ర సంస్థలకు వర్తించేవి, మీకు మీ రాష్ట్రాల ఫైనాన్షియల్ కోడ్‌లు ఉన్నాయి, నిజమే. కేంద్రం తన అధికారిని నమ్మి వదిలిన నిర్ణయాన్ని మన రాష్ట్రాల ప్రభుత్వాలు తమ ప్రిన్సిపాళ్లకు ఒక్క పేజీ ఉత్తర్వుతో ఇవ్వలేవా? అయినా వేలం దాకా ఎందుకు? కండెమ్ చేయకముందు ఆ పరికరం భౌతికశాస్త్ర విభాగానిదే. విభాగాధిపతి దాన్ని విప్పించి పనికొచ్చే భాగాల్ని విద్యార్థుల ప్రాజెక్టుకు వాడుకుంటే అది పారేయడం కాదు, వాడుకోవడం. ‘విడిభాగాలు’ అని రిజిస్టరులో ఒక కొత్త పేజీ తెరిచి, ఏ పరికరం నుంచి ఏది తీశారో తేదీతో రాస్తే ఏ ఆడిటర్ తప్పుపడతాడు? సర్కారు ఖజానాకు నష్టం అంటారా? గాజును వ్యాపారి కాటా మీద పెట్టనే లేదే!

ఇ-వ్యర్థాల నియమాలు ఒప్పుకోవని ఇంకొందరు అంటున్నారు. 2022లో నోటిఫై చేసి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఆ నియమాలు మంచివే. పాత ఎలక్ట్రానిక్ సామాను నమోదైన రీసైక్లర్లకే వెళ్లాలి, వెళ్లనివ్వండి. సర్క్యూట్ బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు, పాదరసం ఉన్న స్కానర్ దీపాలు పిల్లల చేతుల్లో పెట్టమని నేను అడగడం లేదు. కానీ ఇత్తడి మైక్రోస్కోపులో, స్పెక్ట్రోమీటర్‌లో కరెంటుతో నడిచేది ఏముంది? వాటిని ఇ-వ్యర్థాల పేరు చెప్పి ఆపుతున్న మీరే, నిజంగా ఆ నియమాల కిందికి వచ్చే ఫొటోకాపీ యంత్రాన్ని ఇనుము వ్యాపారికి తూకానికి ఇవ్వడం లేదా?

మూడో అభ్యంతరం ప్రమాదం గురించి. ఇది నేను గౌరవించే అభ్యంతరం. ఫ్రెనెల్ లెన్సును ఎండలో పెడితే కాగితం క్షణాల్లో అంటుకుంటుంది. డీవీడీ రైటర్‌లోని లేజర్ కన్ను తీస్తుంది. ఫ్లాష్ ఉన్న పాత కెమెరాలో కెపాసిటర్ బ్యాటరీ తీసేశాక కూడా సుమారు 300 వోల్టులు దాచుకుని ఉండగలదు. ఎలాంటి టెలిస్కోపుతోనూ సూర్యుడి వైపు చూడకూడదు. ఇవన్నీ పక్కన ఒక అధ్యాపకుడు ఉండి తీరాలని చెప్పే కారణాలు. మీరు ఇవ్వనంటే పిల్లలు మానేస్తున్నారా? హైదరాబాద్ పిల్లలు ఎర్రగడ్డ ఆదివారం సంతకు వెళ్లి ఇవే వస్తువులు కొనుక్కుని, చెప్పేవాళ్లెవరూ లేకుండా ఇంటి డాబా మీద విప్పుతున్నారు. ఏది ఎక్కువ ప్రమాదం?

ఏటా ఫిబ్రవరి 28న మీ కళాశాలల్లో జాతీయ విజ్ఞాన దినోత్సవం చేస్తారు. రామన్ పటానికి దండ వేసి ప్రసంగాలు చేస్తారు. 1928లో ఆయన, కె.ఎస్. కృష్ణన్ కలిసి ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన చిన్న వ్యాసంలో తమ ఏర్పాటును ఒక వాక్యంలో చెప్పారు. 18 సెంటీమీటర్ల వెడల్పు, 230 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న టెలిస్కోపు లెన్సుతో సూర్యకాంతిని కూడగట్టి, 5 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న మరో లెన్సు గుండా పంపి, ద్రవాల మీద వేశారు. టెలిస్కోపు కోసం చేసిన లెన్సు కలకత్తాలో వేరే పనికి వచ్చింది. 1930లో నోబెల్ తెచ్చిన పరిశోధన అది. ఆ లెన్సును అడిగినప్పుడు అది టెలిస్కోపు స్టాక్‌లో ఉంది, విడిగా ఇవ్వడం కుదరదని అక్కడ ఎవరైనా అని ఉంటే ఏమయ్యేది? మీరు దండ వేసే మనిషి పనిచేసిన తీరు అదే. పటాన్ని గౌరవించి పద్ధతిని గేటు బయట నిలబెట్టడం న్యాయమా?

అమెరికాలో జాన్ డాబ్సన్ అనే ఆయన వేదాంత మఠంలో సన్యాసిగా ఉంటూ, పాత ఓడ కిటికీల మందపాటి గాజును అరగదీసి టెలిస్కోపు అద్దాలు చేశాడు. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దారిన పోయేవాళ్లకు ఆకాశం చూపించే బృందానికి ఆయన ఆద్యుడు. ఇవాళ ప్రపంచమంతా సొంతంగా టెలిస్కోపు చేసుకునేవాళ్లు ఎక్కువగా అనుసరించే నమూనా ఆయన పేరు మీదే ఉంది. ఓడల తుక్కు ఆయనకు అందుబాటులో ఉంది.

ఒక్క విషయంలో మాత్రం నేనే మిమ్మల్ని విప్పనివ్వొద్దంటాను. వందేళ్లు దాటిన కళాశాలలు మనకు కొన్ని ఉన్నాయి. స్వాతంత్ర్యానికి ముందు తెప్పించిన ఇత్తడి పరికరాలు అక్కడి బీరువాల్లో ఉంటే వాటిని ముక్కలు చేయకండి, అద్దాల పెట్టెలో పెట్టి పిల్లలకు చూపించండి. విశాఖలో 1840లో గోడే వెంకట జగ్గారావు సొంతంగా వేధశాల కట్టించుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు నడవడాన్ని పరిశీలించారు. ఆ వేధశాల ఇవాళ లేదు. అలాంటి చరిత్ర మనకుందని కూడా మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? పదిలపరచాల్సింది ఏది, విప్పాల్సింది ఏది అని వేరు చేయాలన్నా ముందు ఎవరో ఒకరు వాటిని చేతిలోకి తీసుకుని చూడాలి కదా. మీ కమిటీ పని అసలు అదే.

పాఠశాలల్లో అటల్ టింకరింగ్ ల్యాబులకు కేంద్రం ఒక్కోదానికి 20 లక్షల రూపాయల వరకూ ఇస్తోంది. 2025 బడ్జెట్‌లో అయిదేళ్లలో 50 వేల ల్యాబులు పెడతామని ప్రకటించింది. సంతోషం. పిల్లలు తమ చేతులతో ఏదైనా చేయాలన్న కోరికతోనే ఆ డబ్బు ఖర్చవుతోంది. అదే ప్రభుత్వ ధనంతో ఒకప్పుడు కొన్న లెన్సులు పక్క వీధిలోని కళాశాలలో పగులుతుంటే, ఆ ల్యాబుకు కొత్త కిట్ల కోసం ఇండెంట్ పెట్టడాన్ని ప్రజలకు ఎలా సమర్థించుకుంటారు? మీకు అక్కర్లేకపోతే పక్కనున్న జిల్లా పరిషత్ హైస్కూలుకు ఇవ్వండి. అక్కడి సైన్సు టీచరు వచ్చి తీసుకెళ్తారు.

కాబట్టి కళాశాల విద్యాశాఖ కమిషనర్ కార్యాలయాలను నేను కోరేది ఒక ఉత్తర్వు. కాంతి పరికరం ఏదైనా సరే, కండెమ్ చేసే ముందు సంబంధిత విభాగ అధ్యాపకుడు, విద్యార్థులు కలిసి దాన్ని విప్పి, పనికొచ్చే లెన్సులు, పట్టకాలు, అద్దాలు, ఐపీసులు వేరు చేయాలి. వేరు చేశామనో, పనికొచ్చేవి లేవనో అధ్యాపకుడు రాసిచ్చాకే కమిటీ సంతకం చేయాలి. తీసిన భాగాలకు లైబ్రరీలో ఉన్నట్టు ఒక ఇష్యూ రిజిస్టర్ ఉండాలి, అడిగిన విద్యార్థికి తన పేరు మీద ఇవ్వాలి. ఉత్తర్వు వచ్చేదాకా ఆగాల్సిన అవసరం ప్రిన్సిపాళ్లకు లేదు. ఇంకా కండెమ్ కాని సామాను మీ అధీనంలోనే ఉంది, ఈ శనివారం మధ్యాహ్నం ల్యాబు తలుపు తీయిస్తే మొదలవుతుంది.

ఈ ఏడాది స్టాక్ వెరిఫికేషన్‌కు ఇంకా సమయం ఉంది. మా జిల్లాలో ఏ కళాశాల పిలిచినా డివైడర్లు, నూనె, మెత్తటి గుడ్డలు నేనూ, ఈ పని చేసే పిల్లలూ తెచ్చుకుంటాం. మీ అటెండర్‌ను గానీ, మీ బడ్జెట్‌ను గానీ అడగం. మీ భౌతికశాస్త్ర అధ్యాపకుణ్ణి పక్కన నిలబెట్టి, ఏది తీసినా రిజిస్టరులో రాయించి సంతకం పెడతాం. ఏ కళాశాల ముందుకు వస్తుందో, ఏ కమిషనర్ కార్యాలయం ముందుగా ఉత్తర్వు ఇస్తుందో తెలియజేయండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు